మణికట్టుకు నచ్చిన హ్యాండిల్

రెండో గంటలో మొదలయ్యేది. ముందు చిటికెన వేలు, ఆ తర్వాత ఉంగరం వేలు. మొదట చీమలు పాకినట్టు ఉండేది. కాసేపటికి ఆ రెండు వేళ్లు ఉన్నాయో లేవో కూడా తెలిసేది కాదు. క్లచ్ లివర్ మీద వేళ్లు సరిగ్గా పడ్డాయా లేదా అని కంటితో చూసుకోవాల్సి వచ్చేది. బండి పక్కకి ఆపి, చెయ్యి కిందికి వేలాడేసి నాలుగుసార్లు విదిలిస్తే ఐదు నిమిషాల్లో ప్రాణం వచ్చేది. మళ్లీ ఎక్కి ఇరవై నిమిషాలు పోతే మళ్లీ అదే కథ.

ఐదు నెలలు ఇలాగే తిరిగాను. ముందు గ్లవ్స్ బిగుతయ్యాయేమో అనుకుని కొత్తవి కొన్నాను. తర్వాత ఇంజిన్ అదురు వల్లేమో అనుకుని మెత్తటి గ్రిప్స్ వేయించాను. అదురు తగ్గింది, తిమ్మిరి తగ్గలేదు. అసలు కారణం కళ్లెదురుగానే ఉంది. ఆ బండిలో నేను అన్నిటికన్నా ఇష్టపడి, ఏరి కోరి తెచ్చుకున్న వస్తువు అదే కాబట్టి దాన్ని అనుమానించడానికి మనసు ఒప్పుకోలేదు. అది 14 అంగుళాల ఎత్తున్న, చేతులు పైకెత్తి పట్టుకునే ఏప్ హ్యాంగర్ హ్యాండిల్. ఫొటోలో చూసి మనసు పారేసుకున్నాను.

క్రూయిజర్‌కి, అంటే తీరిగ్గా కూర్చుని నడిపే నాలాంటి వాళ్ల పొడవాటి బండికి, హ్యాండిల్ మార్చాలనుకునే వాళ్లలో చాలామంది మొదట అడిగేది ‘ఎంత ఎత్తుది వేయించను?’ అని. నేనూ అదే అడిగాను. ఇప్పుడు నాకున్న గట్టి నమ్మకం ఏమిటంటే, ఆ ప్రశ్న చివర్లో రావాలి. అంతకన్నా ముందు రెండు తేలాలి. కూర్చున్న చోటి నుంచి గ్రిప్ ఎంత దూరంలో ఉంది? అది చేతికి ఏ కోణంలో అందుతోంది? ఈ రెండూ కుదిరితే ఎత్తు రెండు అంగుళాలు అటూ ఇటూ అయినా ఒళ్లు సర్దుకుంటుంది. ఈ రెండూ కుదరకపోతే ఎంత ఎత్తు పెట్టినా, ఎంత తగ్గించినా ఒకటే.

కోణం అంటే ఏమిటో ఇప్పుడే చూసుకోవచ్చు, బండి అక్కర్లేదు. రెండు పెన్నులు తీసుకుని రెండు గుప్పిళ్లలో పట్టుకోండి. భుజాలు వదులు చేసి, మోచేతులు కొంచెం వంచి, బండి మీద కూర్చున్నట్టు చేతులు ముందుకు చాపండి. కళ్లు మూసుకుని ఒక నిమిషం అలాగే ఉండి, అప్పుడు చూడండి. రెండు పెన్నులూ ఒకే సరళరేఖలో ఉండవు. లోపలి కొసలు కాస్త పైకీ ముందుకీ, బయటి కొసలు కాస్త కిందికీ వెనక్కీ వాలి ఉంటాయి. పెంకుటింటి కప్పులా ఉంటుంది ఆ ఆకారం, వాలు మాత్రం చాలా తక్కువ. ఆ వాలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. భుజాల వెడల్పు, మోచేతులు ఎంత దూరంగా పెట్టుకునే అలవాటు, పాత దెబ్బలు అన్నీ అందులో కనిపిస్తాయి. మీ గ్రిప్స్ ఆ వాలుకి దగ్గరగా ఉంటే మణికట్టు నిటారుగా ఉంటుంది. దూరంగా ఉంటే, రోడ్డు మీద ఉన్నంతసేపూ మణికట్టు చిటికెన వేలి వైపో బొటనవేలి వైపో వంగి ఉంటుంది.

మణికట్టు వంగితే ఏమవుతుందో తెలిస్తే ఈ గొడవంతా ఎందుకో అర్థమవుతుంది. చేతిలోకి వచ్చే ముఖ్యమైన నరాల్లో రెండు మణికట్టు దగ్గర ఇరుకు దారుల్లోంచి వస్తాయి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలికి స్పర్శనిచ్చేది మీడియన్ నరం. చిటికెన వేలికీ, ఉంగరం వేలిలో ఆ వైపు సగానికీ స్పర్శనిచ్చేది అల్నార్ నరం. మోచేయి గోడకి తగిలితే జివ్వుమని కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటుంది చూడండి, అది ఈ అల్నార్ నరమే. అందుకే ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో గమనిస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. నా చిటికెన వేలూ ఉంగరం వేలూ ఐదు నెలలుగా చెబుతున్నది ఇదే. నేను వినలేదు. (బండి దిగాక కూడా తిమ్మిరి గంటల తరబడి వదలకపోతే, పట్టు తగ్గితే హ్యాండిల్ సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి.)

నా విషయంలో జరిగింది ఇది. ఆ ఏప్ హ్యాంగర్ బిగించిన మొదటి రోజే గ్రిప్స్ నాకు దూరమనిపించాయి. వీపు సీటుకి ఆనించి కూర్చుంటే చేతులు పూర్తిగా చాచాల్సి వచ్చేది. దూరం తగ్గించడానికి సులువైన దారి ఒకటి కనిపించింది. క్లాంప్ (హ్యాండిల్‌ని బండికి పట్టి ఉంచే బిగింపు) వదులు చేసి, హ్యాండిల్‌ని నా వైపుకి 10 డిగ్రీలు వాల్చాను. 14 అంగుళాల ఎత్తున్న హ్యాండిల్‌ని 10 డిగ్రీలు వాలిస్తే గ్రిప్ దాదాపు రెండున్నర అంగుళాలు వెనక్కి వస్తుంది. దూరం కుదిరిందని సంబరపడ్డాను. దాంతోపాటు గ్రిప్స్ బయటి కొసలు కూడా 10 డిగ్రీలు కిందికి దిగాయని చూసుకోలేదు. చేతులు పైకెత్తి పట్టుకున్నప్పుడు గ్రిప్ కొస కిందికి వాలి ఉంటే మణికట్టు చిటికెన వేలి వైపు విరుచుకుని ఉండక తప్పదు. పైగా మోచేయి బాగా మడవాల్సి వచ్చింది, అక్కడా అదే నరం లాగింది. చేతులు గుండె కన్నా పైన ఉండటంతో రక్తం కూడా అంత తేలిగ్గా అందదు. అన్నీ కలిసి ఆ రెండు వేళ్ల మీద పడ్డాయి.

అంటే దూరం సమస్యని కోణంతో తీర్చబోయాను. ఇది చాలామంది చేసే పని. హ్యాండిల్‌ని క్లాంప్‌లో తిప్పడం చిన్న సవరణకి పనికొస్తుంది, ఒకటి రెండు డిగ్రీలు. అంతకు మించి తిప్పాల్సి వస్తోందంటే ఆ హ్యాండిల్ మీది కాదని అర్థం. దూరం తగ్గించడానికి వేరే మార్గాలున్నాయి. హ్యాండిల్ కింద ఉండే రైజర్లు వెనక్కి వంపు ఉన్నవి దొరుకుతాయి. అవి మొత్తం హ్యాండిల్‌ని, కోణం చెదరకుండా, వెనక్కి తెస్తాయి. లేదంటే పుల్‌బ్యాక్ (గ్రిప్స్ మన వైపుకి వెనక్కి వచ్చే దూరం) ఎక్కువున్న హ్యాండిల్ తీసుకోవాలి. ఏప్ హ్యాంగర్లయితే నిలువు కడ్డీలు ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) వాలుకి సమాంతరంగా ఉండేలా బిగించాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఆకారాల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఒక్కో ఆకారం వెనక ఒక్కో అవసరం ఉంది. డ్రాగ్ బార్ దాదాపు వంపులేని అడ్డ కడ్డీ. డ్రాగ్ రేసుల్లో ఒళ్లు ముందుకు వంచి, గాలికి తక్కువ తగిలేలా కూర్చోవడానికి వచ్చింది. పావు మైలు దూరానికి పుట్టిన ఆకారం అది. అలాంటి హ్యాండిల్ పట్టుకుని మణికట్టు నిటారుగా ఉంచాలంటే మోచేతులు బయటికి విప్పాలి. బీచ్ బార్ దానికి పూర్తిగా ఎదురు. సముద్రపు ఒడ్డున తీరిగ్గా తొక్కే సైకిళ్ల హ్యాండిల్‌లా వెడల్పుగా సాగి, కొసలు బాగా వెనక్కి తిరిగి ఉంటాయి. దానికి మోచేతులు పక్కటెముకల దగ్గరికి రావాలి. బక్‌హార్న్ పైకి లేచి దుప్పి కొమ్ముల్లా వెనక్కి తిరుగుతుంది. 1970ల చివర్లో జపాన్ కంపెనీలు ‘ఫ్యాక్టరీ కస్టమ్’ బళ్లు మొదలుపెట్టినప్పుడు, యమహా ఎక్స్‌ఎస్ 650 స్పెషల్ లాంటి వాటికి వెనక్కి వంగిన ఎత్తు హ్యాండిళ్లే పెట్టాయి. ఏప్ హ్యాంగర్లు అంతకు ముందే, అమెరికాలో చాపర్లు (సొంతంగా కోసి, మార్చి కట్టుకున్న బళ్లు) కట్టుకునే కుర్రాళ్ల చేతుల్లో పెరిగాయి. పట్టుకుంటే కొమ్మకి వేలాడే కోతిలా కనిపిస్తారని ఆ పేరు. ఇక టీ బార్‌లో రైజర్లూ హ్యాండిలూ ఒకే ముక్కగా, ముందు నుంచి చూస్తే టీ అక్షరంలా ఉంటాయి. ఈమధ్య బాగా కనిపిస్తున్న ‘క్లబ్ స్టైల్’ బళ్ల మీద ఇదే ఎక్కువ.

వీటిలో ఏదీ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఫుట్‌పెగ్స్ (కాళ్లు పెట్టుకునే కడ్డీలు) ముందుకున్న బండికి డ్రాగ్ బార్ వేస్తే మాత్రం నాకు గుండె కలుక్కుమంటుంది. కాళ్లు ముందుకి, చేతులు ముందుకి, మధ్యలో వెన్నెముక సగం మడిచిన చాపలా వంగిపోతుంది. బరువంతా తోకఎముక మీద పడుతుంది. రోడ్డు మీద గుంత వస్తే కాళ్ల మీద లేవడానికి వీలుండదు, ఆ దెబ్బ నేరుగా నడుముకి తగులుతుంది. అదే పెగ్స్ మధ్యలో ఉన్న బండికి తక్కువ ఎత్తు హ్యాండిల్ వేస్తే ఒళ్లు కొంచెం ముందుకు వాలి ఎంతో హాయిగా ఉంటుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, ముందు సీటూ పెగ్సూ తేల్చుకోండి, అవి ఖాయమయ్యాకే హ్యాండిల్ జోలికి వెళ్లండి. సీటు ఫోమ్ ఒక అంగుళం మారినా తుంటి కదులుతుంది, తుంటి కదిలితే భుజం కదులుతుంది, భుజం కదిలితే మీరు తీసుకున్న కొలతలన్నీ మళ్లీ తీసుకోవాలి.

కొలతలు ఎలా తీసుకున్నానో చెప్తాను. తమ్ముణ్ణి పిలిచి, బండిని స్టాండు మీంచి దించి నిటారుగా పట్టుకోమన్నాను. ముందే ఆ ఏప్ హ్యాంగర్ విప్పేశాను, రైజర్లు మాత్రం ఉన్నాయి. సీటులో ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, కాళ్లు పెగ్స్ మీద పెట్టి, కళ్లు మూసుకున్నాను. భుజాలు రెండుసార్లు చెవుల దాకా ఎత్తి వదిలేశాను. గుప్పిట్లో ఒక్కో స్క్రూడ్రైవర్ పట్టుకుని, అక్కడ హ్యాండిల్ ఉన్నట్టే చేతులు పెట్టాను. వాడు ఒక చేత్తో బండి పట్టుకుని రెండో చేత్తో టేప్ పట్టలేక, మా ఆవిణ్ణి కూడా పిలిచాడు.

“అన్నయ్యా, కదలకు. ఇప్పుడు కళ్లు తెరిచావంటే మళ్లీ హ్యాండిల్ ఎక్కడుండాలో ఆలోచిస్తావు.”

వాడన్నది నిజం. కళ్లు తెరిచి ఉంటే చేతులు నేను చూసిన ఫొటో దగ్గరికి పోతాయి. మూసుకుంటే ఒంటికి నచ్చిన చోటికి పోతాయి. మా ఆవిడ టేప్‌తో రైజర్ క్లాంప్ మధ్య నుంచి నా గుప్పిలి మధ్యకి కొలిచింది. ఎత్తు 8 అంగుళాలు, వెనక్కి తొమ్మిదిన్నర. రెండు గుప్పిళ్ల బయటి అంచుల మధ్య 31. పక్క నుంచీ పై నుంచీ ఫోన్‌తో రెండు ఫొటోలు తీసింది, స్క్రూడ్రైవర్ల వాలు కనపడేలా. మూడుసార్లు దిగి, ఎక్కి, మళ్లీ చేశాం. అర అంగుళం తేడాతో మూడుసార్లూ అవే లెక్కలు వచ్చాయి. నేను మోజుపడి కొన్నది 14 అంగుళాలది. నా ఒళ్లు అడిగింది 8.

ఈ లెక్కలు పట్టుకుని హ్యాండిల్ వెతకబోతే ఒక చిక్కు ఎదురైంది. ఒక్కో తయారీదారు ఒక్కోలా కొలుస్తారు. కొందరు ఎత్తుని క్లాంప్ మధ్య నుంచి గ్రిప్ కొస దాకా చెప్తారు. కొందరు హ్యాండిల్‌ని నేల మీద నిలబెట్టి, అడుగు నుంచి పైభాగం దాకా కొలుస్తారు. పుల్‌బ్యాక్ అయితే మరీను, క్లాంప్‌లో కొంచెం తిప్పితే ఆ అంకె మారిపోతుంది. కాబట్టి అంకెని నమ్మకుండా, ఆ అంకె ఏ చోటి నుంచి ఏ చోటికో చూపే బొమ్మ ఉందా అని చూడాలి. బొమ్మ ఇవ్వని వాళ్ల దగ్గర నేనైతే కొనను. ఇంకో మంచి పద్ధతి, ఇప్పుడున్న హ్యాండిల్‌నే కొలిచి, దానికన్నా ఎంత పైకి, ఎంత వెనక్కి, ఎంత వెడల్పు కావాలో రాసుకోవడం. తేడాల్లో ఆలోచిస్తే పొరపాటు తగ్గుతుంది.

వెడల్పు గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నా లెక్కలో ఎత్తు కన్నా అదే ముఖ్యం. క్రూయిజర్ల ముందు ఫోర్కు బాగా వాలి ఉంటుంది. స్పోర్ట్ బైకుల్లో ఆ వాలు 24 డిగ్రీల దగ్గర ఉంటే, క్రూయిజర్లలో మామూలుగా 28 నుంచి 34 దాకా ఉంటుంది. దానికి తోడు పొడవాటి వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం), ఎక్కువ బరువు. ఇలాంటి బండి నేరుగా పోవడానికి ఇష్టపడుతుంది, తిప్పడానికి బలం అడుగుతుంది. వేగంలో ఎడమకి తిరగాలంటే ఎడమ గ్రిప్‌ని ముందుకి నెట్టాలి, అప్పుడే బండి ఎడమకి వాలుతుంది. ఆ నెట్టుడికి హ్యాండిల్ వెడల్పే మీటగా పనిచేస్తుంది. 34 అంగుళాల హ్యాండిల్‌తో పోలిస్తే 28 అంగుళాల దానికి అదే మలుపులో ఐదో వంతుకి పైగా ఎక్కువ బలం పెట్టాలి. రోజంతా మలుపులున్న రోడ్డు మీద అది భుజాలకి తెలుస్తుంది.

అలాగని వెడల్పు పెంచుకుంటూ పోతే యూ టర్న్‌లో దెబ్బతింటాం. 34 అంగుళాల హ్యాండిల్‌ని 35 డిగ్రీలు తిప్పితే బయటి వైపు చెయ్యి దాదాపు 10 అంగుళాలు ముందుకి పోతుంది. 28 అంగుళాల దానికైతే 8. ఆ రెండంగుళాలే పొట్టి చేతులున్న వాళ్లకి ప్రాణం మీదికి తెస్తాయి. చెయ్యి అందక ఒళ్లంతా ముందుకి లాగబడుతుంది, సరిగ్గా బండి నెమ్మదిగా వాలి ఉన్నప్పుడు, క్లచ్ మీద వేళ్లు నిలకడగా ఉండాల్సినప్పుడు. గ్రిప్స్ బాగా వెనక్కి వచ్చిన హ్యాండిల్‌తో ఇంకో చిక్కు. గ్రిప్ స్టీరింగ్ ఇరుసుకి 10 అంగుళాలు వెనక ఉంటే, అదే 35 డిగ్రీలకి చెయ్యి పక్కకి కూడా దాదాపు 6 అంగుళాలు జరుగుతుంది. పడవ వెనక చుక్కాని కర్రని తిప్పినట్టు ఉంటుంది. లోపలి గ్రిప్ మోకాలికో ట్యాంకుకో తగలొచ్చు. కాబట్టి కొనేముందు, కనీసం బిగించిన రోజే, ఇంజిన్ ఆపి బండి మీద కూర్చుని హ్యాండిల్‌ని ఇటు కొస నుంచి అటు కొస దాకా తిప్పి చూడాలి. రెండు కొసల్లోనూ రెండు చేతులూ క్లచ్, బ్రేకు వాడగలిగేలా ఉండాలి.

గాలి సంగతి. వేగం రెట్టింపైతే గాలి తోపుడు నాలుగింతలవుతుంది. ఛాతీ విప్పుకుని నిటారుగా, చేతులు పైకెత్తి కూర్చుంటే ఆ తోపుడంతా మనల్ని వెనక్కి నెడుతుంది, వెనక్కి పోకుండా గ్రిప్‌ని పట్టుకుని వేలాడతాం. ఊళ్లో తిరిగేటప్పుడు సింహాసనంలా అనిపించిన భంగిమ హైవే మీద గంటన్నరకే ముంజేతులు పట్టేసేలా చేస్తుంది. నడుము నుంచి కొంచెం ముందుకి వాలి కూర్చుంటే, నాలుగైదు వేళ్ల మందం చాలు, గాలి మన బరువులో కొంత మోస్తుంది. చేతులు అప్పుడు గ్రిప్ మీద ఊరికే ఆని ఉంటాయి. విండ్‌షీల్డ్ ఉన్నవాళ్లకి ఈ లెక్క మారుతుంది, వాళ్లు ఇంకాస్త నిటారుగా కూర్చోవచ్చు. మీరు ఎక్కువగా ఏ వేగంలో తిరుగుతారో అడగకుండా హ్యాండిల్ సిఫారసు చేసే వాళ్ల మాట నేను పట్టించుకోను.

ఇప్పుడు ఒక ప్రమాదం గురించి చెప్పాలి. ఇది రాయడానికి కూర్చున్నదే ఇందుకోసం అనుకోండి. ఆ ఏప్ హ్యాంగర్ బిగించినప్పుడు పొడుగు క్లచ్ కేబుల్, పొడుగు బ్రేక్ హోస్ వేశాం. యాక్సిలరేటర్ కేబుల్ మాత్రం పాతదే అందింది కదా అని దాన్నే లాగి తగిలించారు. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉంది. మూడో రోజు ఇరుకు సందులో యూ టర్న్ తీసుకుంటున్నాను. హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పేసరికి ఇంజిన్ దానంతటదే గర్జించింది. నా చెయ్యి యాక్సిలరేటర్ తిప్పలేదు. హ్యాండిల్ తిరగడంతో కేబుల్ బిగుసుకుని అదే లాగింది. క్లచ్ సగం పట్టి ఉన్నాను కాబట్టి సరిపోయింది. పూర్తిగా నొక్కేశాను, బండి గోడకి మూరెడు దూరంలో ఆగింది. దిగాక మోకాళ్లు వణికాయి. ఎడమ కొసకి హ్యాండిల్ పెట్టి చూస్తే కేబుల్ తీగలా బిగుసుకుని, హెడ్‌లైట్ పక్కన రంగు ఒరుసుకుపోయి కనిపించింది.

ఈ పరీక్ష రెండు నిమిషాల పని. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి, ఐడిల్‌లో ఉంచి, హ్యాండిల్‌ని నెమ్మదిగా రెండు వైపులా కొసదాకా తిప్పాలి. ఇంజిన్ శబ్దం ఏమాత్రం పెరిగినా కేబుల్ పొట్టిది, లేదా తప్పు దారిలో వచ్చింది. ఆ బండి రోడ్డెక్కకూడదు. యాక్సిలరేటర్ వైర్ ద్వారా ఎలక్ట్రానిక్‌గా పనిచేసే కొత్త బళ్లలో ఈ బాధ లేదు, వాటిలో వైరింగ్ పొడవు సరిపోయిందా అని చూసుకోవాలి. బ్రేక్ హోస్ కూడా ఏ కొసలోనూ బిగుసుకోకూడదు, ఏ అంచుకీ ఒరుసుకోకూడదు. క్లచ్ కేబుల్ పదునుగా వంగితే లివర్ బరువెక్కుతుంది, అప్పుడు తప్పు చేతిదని అనుకుంటాం. హ్యాండిల్ మారినప్పుడు బ్రేక్ లివర్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ వాలు, దాని ఆయిల్ డబ్బా (రిజర్వాయర్) వాలు కూడా మారుతుంది. రిజర్వాయర్ సమంగా లేకపోతే బ్రేక్ ఆయిల్ మట్టం తప్పుగా కనిపిస్తుంది, గాలి లోపలికి పోయే అవకాశం కూడా ఉంటుంది. హోస్ విప్పితే బ్లీడింగ్ (లోపల చేరిన గాలిని తీసేయడం) తప్పదు. రిజర్వాయర్ మూత మీద ఏ రకం ఆయిల్ రాసి ఉంటే అదే పోయాలి. డాట్ 5 సిలికాన్ ఆయిల్‌ని మిగతా వాటితో కలపకూడదు. డాట్ 4 ట్యాంకు మీద చుక్క పడితే రంగు తినేస్తుంది, కాబట్టి పని మొదలుపెట్టకముందే ట్యాంకు మీద దళసరి గుడ్డ కప్పండి. ఏబీఎస్ ఉన్న బళ్లకి బ్లీడింగ్ చేయడానికి కొన్నిసార్లు ప్రత్యేక పరికరం కావాలి, ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయడం మేలు.

కడ్డీ మందం విషయంలో పెద్ద మర్మమేమీ లేదు. గ్రిప్ దగ్గర కొన్ని బళ్లకి 22 మిల్లీమీటర్లు, కొన్నిటికి ఒక అంగుళం, అంటే 25.4. ఇవి ఒకదానికొకటి పట్టవు. ఒకటింపావు, ఒకటిన్నర అంగుళాల లావు హ్యాండిళ్లు చూడటానికి దిట్టంగా ఉంటాయి, కానీ వాటిలోనూ గ్రిప్ దగ్గర అంగుళానికే సన్నబడతాయి. చాలావాటికి క్లాంప్ దగ్గర కూడా అంతే. క్లాంప్ పట్టే చోట గరుకు గీతలు ఉంటాయి, నున్నటి కడ్డీని బిగిస్తే గట్టి బ్రేక్‌లో హ్యాండిల్ ముందుకి జారొచ్చు. వైర్లు లోపలి నుంచి వెళ్లాలంటే రంధ్రాలున్నదే కొనండి. ఇంట్లో డ్రిల్‌తో హ్యాండిల్‌కి తూట్లు పొడవొద్దు, అక్కడే పగుళ్లు మొదలవుతాయి. అదురు ఎక్కువుంటే కొసల్లో బరువులు బిగిస్తే తగ్గుతుంది. రైజర్ల కింద రబ్బరు బుష్‌లు ఉన్న బళ్లకి ఎత్తు హ్యాండిల్ వేస్తే ఊగుడు పెరుగుతుంది, అప్పుడు గట్టి బుష్‌లు వేయాల్సి రావచ్చు.

‘ఇవన్నీ చూస్తూ కూర్చుంటే క్రూయిజర్ ఎందుకు, అందం కోసమే కదా దాన్ని కొన్నది’ అని నా స్నేహితులు అంటారు. నేను ఆ మాటని తేలిగ్గా తీసిపారేయను. క్రూయిజర్‌ని మనిషి కళ్లతోనే కొంటాడు. గ్యారేజీలో నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకునే సుఖం నిజమైనదే. హ్యాండిల్ ఆ బొమ్మలో సగం. అయితే కొలతలు తేలాక కూడా అందానికి బోలెడంత చోటుంది. నా 8, తొమ్మిదిన్నర, 31 అన్న లెక్కల్లో ఇమిడే హ్యాండిళ్లు నాకు నాలుగు ఆకారాల్లో దొరికాయి. నల్లటిది, క్రోమ్‌ది, మెలిక ఉన్నది, గుండ్రంగా వంగినది. అందులో నా కంటికి నచ్చింది ఏరుకున్నాను. కొలత ముందు, కన్ను తర్వాత. ఈ వరస తిరగబడితేనే నాకు తంటా వచ్చింది.

ఇంకో మాట కూడా వింటుంటాను, ‘కొన్నాళ్లకి అలవాటైపోతుంది’ అని. కొత్త భంగిమకి కండరాలు అలవాటు పడతాయి, నిజమే. మొదటి వారం భుజం నొప్పి రెండో వారానికి పోవచ్చు. తిమ్మిరి అలాంటిది కాదు. అది నరం మీద ఒత్తిడి. దాన్ని రోజూ భరించడాన్ని అలవాటు అనకూడదు. నొప్పి కండరంలోనా, మొద్దుబారడం వేళ్లలోనా అన్నది తేడా పట్టుకోండి. మొదటిదానికి రెండు వారాలు ఇవ్వండి, రెండోదానికి రెండు రోజులు కూడా ఇవ్వొద్దు.

చాలా చోట్ల హ్యాండిల్ ఎత్తు మీద చట్టాలున్నాయి. భుజం దాటకూడదనో, సీటు నుంచి ఇన్ని అంగుళాలు మించకూడదనో. మీరుండే చోట ఏముందో ముందే కనుక్కోండి. చట్టం లేకపోయినా నేను భుజం గీత దాటను.

కొత్త హ్యాండిల్ బిగించి ఏడు నెలలైంది. బోల్టులు సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాను, క్లాంప్‌కీ కడ్డీకీ కలిపి తెల్ల రంగుతో సన్నటి గీత పెట్టాను. అది జారితే కంటికి తెలుస్తుంది. మొదటి వారం తర్వాత ఒకసారి బోల్టులు మళ్లీ చూశాను. గీత ఇప్పటికీ కలిసే ఉంది. నాలుగు గంటలు ఆపకుండా తిరిగొచ్చిన రోజు బండి దిగి, అలవాటుగా చెయ్యి విదిలించబోయి ఆగాను. విదిలించడానికేమీ లేదు.

మొన్న తమ్ముడు వచ్చి వాడికీ అలాంటి హ్యాండిలే కావాలన్నాడు. వాడిదీ నాదీ ఒకే మోడల్ బండి, అదే సీటు, అవే పెగ్స్. పాత టేప్ తీసి, వాణ్ణి కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమన్నాను. రెండు స్క్రూడ్రైవర్లు చేతికిచ్చాను. భుజాలు ఎత్తి వదిలాడు. కొలిస్తే ఎత్తు 6, వెనక్కి ఏడున్నర, వెడల్పు 33 వచ్చింది. నమ్మక ఇంకోసారి కూర్చున్నాడు. మళ్లీ అంతే.

“అయితే నీది నాకు పనికిరాదన్నమాట, అన్నయ్యా.”

“పనికిరాదురా. కళ్లు మూసుకో, ఇంకోసారి కొలుద్దాం.”